ప్రారంభోత్సవం కాని గడ్డి మిషను

హలో... హలో... ఆ, వినపడుతోందా? అందరికీ నమస్కారమండి. భోజనాలయ్యాయా? కాకపోతే పళ్ళెం ముందు పెట్టుకునే వినండి, నాకేం అభ్యంతరం లేదు. మా గోదావరి వైపు పెదలంకపేట అని ఒక ఊరుందనుకోండి. ఆ ఊళ్ళో మట్టపర్తి నూకరాజు అని గడ్డి కోసే ఆయన ఒకడున్నాడనుకోండి. ఇక నా సోది ఆపేసి ఆయన సంగతే చెబుతాను.

నూకరాజు కోసేది గేదెలు తినే గడ్డి కాదు. డాక్టర్ల బంగళాల ముందు, కల్యాణ మండపాల ముందు తివాచీ పరిచినట్టు పెంచుకుంటారే, ఆ గడ్డి. పెంచుకున్నవాళ్ళు దాన్ని లాన్ అంటారు. పక్కింటివాళ్ళు "గడ్డికి కూడా మోటారేసి నీళ్ళా" అంటారు. నూకరాజు దగ్గర చేత్తో తోసే ఒక పాత పెట్రోలు మిషను, అంచులకి ఒక పొడుగు కత్తెర, వాటిని ఎక్కించుకుని తిరిగే ట్రాలీ ఆటో ఉన్నాయి. ఆటో వెనకాల 'వరహాలు లాన్ కేర్' అని భార్య పేరు రాయించాడు. ఏటా దసరాకి మిషనుకి బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తాడు. ఆ వ్యాపారంలో పేరంటే గడ్డే. బాగా కోసిన లాన్ చూసి పక్క వీధివాళ్ళు పిలుస్తారు. పాడైన లాన్ చూస్తే సొంత వీధివాళ్ళు కూడా పిలవడం మానేస్తారు.

అలాంటి నూకరాజుకి పట్టణ సుందరీకరణ మండలి వారి కాంట్రాక్టు వచ్చింది.

మండలి ఆఫీసు మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. పట్టణం ఎంత సుందరంగా ఉందో ఆ సంగతి పక్కన పెట్టండి, ఆఫీసు ముందు మాత్రం పెళ్ళి షామియానా వేస్తే నిండిపోయేంత లాన్ ఒకటుంది. ఆ లాన్ కన్నా ముఖ్యంగా, మండలికి ఒక నిబంధన ఉంది. దాని పుట్టుక కూడా చెప్పాలి. కిందటేడు బస్టాండులో మండలి వారు మంచినీళ్ళ కుళాయి పెట్టారు. ప్రారంభించాల్సిన గౌరవ అతిథి గారు రావడం ఆలస్యమైంది. ఎండకి తట్టుకోలేక ఒక కండక్టరు కుళాయి తిప్పి కడుపునిండా తాగేశాడు. తర్వాత వచ్చిన అతిథి గారు తడిసిన గట్టు చూసి, "ఎవరో ప్రారంభించేసినట్టున్నారు కదా" అని మళ్ళీ కారెక్కేశారు. మండలి వారికి ఆ రాత్రి అన్నం దిగలేదు. మర్నాడే కూర్చుని తీర్మానం రాశారు: మండలి ఆవరణల్లో పని నిమిత్తం వాడే ఏ వస్తువైనా సరే, ప్రారంభోత్సవం జరగనిదే వాడరాదు. ఆ కుళాయి ఇప్పటికీ గుడ్డతో కట్టేసి ఉంది. జనం దాని పక్కనే నిలబడి నీళ్ళ సీసాలు కొనుక్కుంటున్నారు.

నూకరాజు విషయంలో ముందు ప్రారంభమైంది బోర్డు. 'ఈ పచ్చిక సంరక్షణ: వరహాలు లాన్ కేర్' అని రాతి దిమ్మ మీద నిలబెట్టారు. దానికి ఎర్ర వెల్వెట్ తెర, లాగడానికి బంగారు రంగు తాడు ఉండాలన్నారు. తెర కాంట్రాక్టరే తెచ్చుకోవాలన్నారు. వరహాలు స్వయంగా కుట్టు మిషను మీద కుట్టి, ఇత్తడి రింగులు వేసింది. గౌరవ అతిథి గారు తాడు లాగారు, తెర పక్కకి జరిగింది, చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నూకరాజు తెర మడిచి ఇంటికి తెచ్చుకున్నాడు. వరహాలు దాన్ని కుట్టు మిషను మీద కప్పింది.

"మెయిన్ రోడ్డు మీద నా పేరేనండి," అంది మొగుడితో, నవ్వాపుకుంటూ. "మా అన్నయ్య బస్సులోంచి చూశాడంట."

తర్వాత గడ్డి మిషను ఎంపికకి సమావేశం పెట్టారు. కార్యదర్శి చిదంబరరావు గారు మధ్యలో కూర్చున్నారు. ఆయన మాట్లాడితే ఎవరో పాత గెజిట్ చదువుతున్నట్టుంటుంది. ఆయన పక్కన మర్యాదల విభాగం సూపరింటెండెంటు ఇందుమతి గారు. అతిథులకి బొకే ఎడం చేతికివ్వాలా కుడి చేతికివ్వాలా అనేది ఈ జిల్లాలో ఆవిడ ఒక్కరికే తెలుసు.

"నూకరాజూ, సదరు పచ్చికను కత్తిరించుటకు ఏ యంత్రము అనువైనదో నీ అభిప్రాయము సభకు తెలియజేయుము," అన్నారు చిదంబరరావు గారు.

"ఆయ్, చెప్తానండి. చిన్న లానండి ఇది. మధ్యలో పూల మడులున్నాయి, ఇటేమో మెట్లు. తోసుకెళ్ళే చిన్న మిషనైతే మలుపుల్లో చక్కగా తిరుగుద్దండి. అసలు నా మిషనే తెచ్చుకుంటే కొనే పనే లేదండి."

"నీ మిషనుకి ప్రారంభోత్సవం జరిగిందా?" అడిగారు ఇందుమతి గారు.

"రోజూ పనిచేస్తందండి అది."

"పనిచేయడం వేరు నూకరాజూ. ప్రారంభోత్సవం వేరు. మా దగ్గర ప్రారంభోత్సవం జరిగినవి చాలా ఉన్నాయి. అవన్నీ పనిచేస్తున్నాయని మేమెప్పుడైనా అన్నామా?"

నూకరాజు ఆలోచించాడు. ఎప్పుడూ అనలేదు, నిజమే.

"అయితే అలాంటిదే కొత్తది కొనండి మరి."

"రిబ్బన్ ఎక్కడ కడతారు?"

గడ్డి మిషను గురించి నూకరాజు ఎన్నో ప్రశ్నలు విన్నాడు. పెట్రోలెంత తాగుతుంది, బ్లేడు ఎక్కడ సానబెడతారు, వానలో నడుస్తుందా. ఈ ప్రశ్న మాత్రం కొత్తది.

"హ్యాండిలుకి కట్టండి."

"హ్యాండిలు నడుము ఎత్తున ఉన్నది," అన్నారు చిదంబరరావు గారు. "గౌరవ అతిథివర్యులు నడుము వంచి రిబ్బను కత్తిరించవలెనా? ఆ వంగిన ఛాయాచిత్రము పత్రికలయందు ప్రచురితమైనచో బాధ్యత ఎవరిది?"

భుజాన తగిలించుకునే కట్టర్ సంగతి చెప్పాడు. అతిథి గారి భుజాన బరువు పెట్టడం మర్యాద కాదన్నారు ఇందుమతి గారు. బ్యాటరీ మిషను చప్పుడు లేకుండా నడుస్తుందన్నాడు. చప్పుడు రాకపోతే ప్రారంభించినట్టు జనానికి ఎలా తెలుస్తుందన్నారు. ఆ తర్వాత రంగు మీద చర్చ నడిచింది. అది మధ్యాహ్నం టీ దాకా సాగింది. ఏ రంగు తీసుకున్నా ఎవరో ఒకరి జెండాలో ఉంది. చివరికి బూడిద రంగు ఖాయం చేశారు. బూడిద రంగు జెండా పట్టుకుని ఓట్లడిగేవాళ్ళు ఇంకా పుట్టలేదని ఇందుమతి గారు అభిప్రాయపడ్డారు.

అలా అన్నీ చూసుకుని ఎంపిక చేసింది ఎక్కి కూర్చుని నడిపే పెద్ద మిషను. స్టేడియాల్లో వాడతారే, అది. సీటు ఎత్తుగా ఉంటుంది, రిబ్బన్ కట్టడానికి ముందువైపు కమ్మీ ఉంటుంది, ఫొటోలో నిండుగా కనిపిస్తుంది.

"అయ్యగారూ, ఇది ఈ లాన్లో తిరగదండి," అన్నాడు నూకరాజు. "ఇటు పూల మడి, అటు గోడ. ముందుకెళ్తే వెనక్కి రాదండి బాబు."

"తిరుగుట యంత్రమునకు సంబంధించిన అంశము. మన పరిధిలోనిది ప్రారంభోత్సవము మాత్రమే," అని చిదంబరరావు గారు సంతకం చేశారు.

మిషను వచ్చింది. ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా మెట్ల పక్కన నిలబెట్టి చుట్టూ తాడు కట్టారు. గౌరవ అతిథి గారి తారీకు కోసం రాశారు. ఇచ్చారు. ఆ రోజు ఆయనకి ఒక పెళ్ళి పడింది. ఇంకో తారీకు ఇచ్చారు. ఆ రోజు వర్షం. ఆ పైన శూన్యమాసం వచ్చింది, పనికిరాదన్నారు. గడ్డికి మాత్రం శూన్యమాసం లేదు. ముసురు పట్టిన వానకి అది మడమల దాకా, పిక్కల దాకా, మోకాళ్ళ దాకా వచ్చింది. పూల మడులు మునిగిపోయాయి. ఆఫీసు అటెండరు చెప్పు ఒకటి అందులో పోయి ఇంతవరకూ దొరకలేదు. ఆ అడివి ముందు, రాతి దిమ్మ మీద, బోర్డు మాత్రం ధగధగలాడుతోంది. 'ఈ పచ్చిక సంరక్షణ: వరహాలు లాన్ కేర్.'

కల్యాణ మండపం వాళ్ళు ఫోన్ చేసి పెళ్ళిళ్ళ సీజను అయ్యాక చూద్దామన్నారు. కాలేజీ వాళ్ళు ఫోనే చేయలేదు, వేరే ఎవర్నో పెట్టుకున్నారు. నర్సింగ్ హోం డాక్టరు గారు మర్యాదస్తుడు.

"నూకరాజు గారూ, మీకు ఒంట్లో ఏమైనా బాలేదా?" అని అడిగారు.

"లేదండి డాక్టరు గారూ, బానే ఉన్నానండి. ఏవండి?"

"ఏం లేదు. మీ బోర్డు చూశాను. దాని వెనకాల చూశాను. పేషెంట్లు నన్నడుగుతున్నారు, మీ లాన్ కూడా ఆయనేనా చేసేది అని."

ఆ రోజు వరహాలు అన్నం వడ్డించింది. పెరుగు వేశాక అంది. "మా అన్నయ్య మళ్ళీ బస్సులో వెళ్ళాడంట."

"ఏవన్నాడు?"

"ఏవంటాడు. వరహాలు పేరు మీద పాములు తిరుగుతున్నాయన్నాడు."

మర్నాడు నూకరాజు ఆఫీసుకెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన పాత మిషనుతో ఒక్క పూట కోసిపోతానని, ఎవరికీ చెప్పనని, కావాలంటే ఆఫీసు మూసేశాక వస్తానని బతిమాలాడు. ప్రారంభోత్సవం జరగని యంత్రంతో కోసిన గడ్డిని కోసినట్టు పరిగణించలేమని చిదంబరరావు గారు చెప్పారు.

"పోనీ ఇదైనా ఆలోచించండయ్యా. గడ్డి ఇంత పెరిగాక ఆ పెద్ద మిషనుకి కూడా తెగదండి, బ్లేడు చుట్టుకుపోద్ది. ముందు కొడవలితో కోయించాల."

ఈ మాట మండలికి నచ్చింది. అంటే ఇంకో ప్రారంభోత్సవం అన్నమాట. సంతలో కొడవలి కొన్నారు. చిన్న వస్తువులకి అతిథి గారిని ఇబ్బంది పెట్టకుండా కార్యదర్శి గారే చాలన్నారు. కొడవలి పిడికి రిబ్బన్ కట్టారు, ఫొటోగ్రాఫరు వచ్చాడు, వెండి పళ్ళెంలో కత్తెర తెచ్చారు. చిదంబరరావు గారు కత్తెర అందుకుని రిబ్బన్ మీద పెట్టారు.

"ఒక్క నిమిషమండి," అన్నారు ఇందుమతి గారు. "ఈ కత్తెర కూడా ఆవరణలో పని నిమిత్తం వాడే వస్తువే కదండి."

చిదంబరరావు గారి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"దీనికి ప్రారంభోత్సవం జరిగినట్టు రికార్డు లేదండి."

"కత్తెరకు రిబ్బను కట్టినచో, ఆ రిబ్బనును దేనితో కత్తిరించవలెను?"

"వేరే కత్తెరతోనండి."

"ఆ కత్తెరకు?"

ఫొటోగ్రాఫరు కెమెరా దించి బీడీకి బయటికెళ్ళాడు.

"చేత్తో ముడి విప్పెయ్యండయ్యా," అన్నాడు నూకరాజు.

ఇద్దరూ ఆయన వంక చూశారు. ముడి విప్పితే సరిపోయేటట్టయితే ఇన్నేళ్ళుగా కత్తెర్లు ఎందుకు వాడారన్న ప్రశ్న వస్తుంది. అంతకన్నా ఘోరం, ఇప్పటిదాకా ఆ కత్తెరతో జరిగిన ప్రారంభోత్సవాలన్నీ చెల్లుతాయా చెల్లవా అన్న ప్రశ్న వస్తుంది. బస్టాండు మూత్రశాల, పార్కు గేటు, స్మశానం ప్రహరీ, అన్నీ ఆ కత్తెరే. ఊళ్ళో ఏదీ ఇంకా ప్రారంభం కానట్టే. చిదంబరరావు గారు నుదురు తుడుచుకుని, ఈ విషయం ఈ గది దాటి బయటికి పోరాదని చెప్పి, సలహా కోరుతూ పై ఆఫీసుకి రాయించారు. కత్తెరని బీరువాలో పెట్టి తాళం వేశారు. కొడవలి రిబ్బన్‌తో సహా గోడకి వేలాడింది.

నూకరాజుకి అప్పుడు మేకలు గుర్తొచ్చాయి. కాలవగట్టు తాతారావుకి మంద ఉంది.

"మేకలు వస్తువులు కావుగా మేడం గారూ," అన్నాడు ఇందుమతి గారితో.

ఆవిడ తీర్మానం కాగితం తీసి చదివారు. "మేం పిలిస్తే వస్తువుల కిందికే వస్తాయి. పని నిమిత్తం కదా. వాటంతట అవి వస్తే మాత్రం మాకు సంబంధం లేదు."

"వాటంతట అవే వస్తాయండి."

మర్నాడు ఆదివారం. గేటు దానంతట అదే తెరుచుకుంది. తాతారావు రోడ్డు అవతల టీ కొట్లో కూర్చుని, తనకేమీ తెలియనట్టు పేపరు తిరగేశాడు. సాయంత్రానికి మేకలు లాన్ మొత్తం నున్నగా గీకేశాయి. పూల మడులు బయటపడ్డాయి, పూలు తప్ప. నూకరాజు రోడ్డు మీద నిలబడి బోర్డు చూసుకున్నాడు. చాలా రోజులకి దాని వెనకాల నేల కనిపించింది. వరహాలుని ఆటోలో తెచ్చి చూపించాడు. ఆవిడ వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసి, రేపు బస్సులో ఇటేపు కూర్చోమని చెప్పింది.

సోమవారం పొద్దున్నే ఆఫీసు నుంచి కబురొచ్చింది. గౌరవ అతిథి గారు ఆ సాయంత్రమే వస్తున్నారు.

"గడ్డి ఏది?" అన్నారు చిదంబరరావు గారు. ఆయన గొంతులో గెజిట్ పోయింది, మామూలు మనిషి గొంతు వచ్చింది. "ఓరి నూకరాజూ, మిషను దేన్ని కొయ్యాలిరా?"

"ఇన్నాళ్ళూ ఉన్నది కదండి."

"ప్రారంభోత్సవానికి ఉద్దేశించిన గడ్డిని ముందే తొలగించడం తీవ్రమైన విషయం," అన్నారు ఇందుమతి గారు.

వెంటనే గడ్డి ఎంపికకి అత్యవసర సమావేశం జరిగింది. మధ్యాహ్నానికి సంతనుంచి పచ్చి జొన్న చొప్ప మోపులు దిగాయి. అటెండర్లు బురదలో ఒక్కో కాడా నిలబెట్టి గుచ్చారు. పడిపోయినవాటికి పుల్లలు ఆనించారు. కత్తెర మీద పై ఆఫీసు జవాబు రానందున, రిబ్బన్ కట్టకుండా మిషను మీద అతిథి గారు ఆసీనులైతే చాలని సర్దుకున్నారు.

అతిథి గారు వచ్చారు. శాలువా కప్పారు, సీటెక్కించారు. తాళం తిప్పితే మిషను మూలగలేదు కూడా. ఇన్నాళ్ళు వానలో నిలబడి బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఇందుమతి గారు దీనికి ముందే సిద్ధంగా ఉన్నారు. మైకుసెట్టు అబ్బాయికి సైగ చేశారు. స్పీకర్లలోంచి ట్రాక్టరు చప్పుడు మొదలైంది. అటెండర్లు వెనకనుంచి మిషనుని తోశారు. జొన్న చొప్ప ముందుకి వాలింది. అతిథి గారు రెండు చేతులూ ఊపారు, కెమెరాలు మెరిశాయి. పూల మడి దగ్గర మిషను తిరగలేదు. అక్కడే ఆగిపోయింది. ఆయన దిగి, పట్టణంలో పచ్చదనం పెంచడమే తన ధ్యేయమని, చొప్పలో నిలబడి సెలవిచ్చారు. మైకుసెట్టు అబ్బాయి ఆపడం మర్చిపోవడం వల్ల ఉపన్యాసం పొడుగునా ట్రాక్టరు నడుస్తూనే ఉంది.

అతిథి గారి కారు వెళ్ళాక నూకరాజు చిదంబరరావు గారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, అయిపోయింది కదండి. బ్యాటరీ మారిస్తే రేపట్నుంచి నేను నడుపుకుంటాను. ఎలాగో తిప్పుకుంటాను."

"దేనిని నడుపుకొందువు?" గెజిట్ తిరిగొచ్చేసింది. "గౌరవ అతిథివర్యులు ఆసీనులైన సీటులో నీవు కూర్చుందువా?"

అప్పటికే అటెండరు సీటు చుట్టూ తాడు కడుతున్నాడు. మర్నాటికి దానికి గాజు అద్దాల పెట్టె పెట్టాలని, పక్కన శిలాఫలకం వేయాలని నిర్ణయమైంది. వాన మళ్ళీ పట్టింది. మేకలు కొరికిన గడ్డి వేర్లు భద్రంగానే ఉన్నాయి. మొలకలు కనిపించాయి. ఈసారి జొన్న కూడా వేళ్ళూనింది.

నూకరాజు ఇక గడ్డి కోస్తానని అడగలేదు. "నా బోర్డు తీసేసుకుంటానండి. కాంట్రాక్టు వద్దండి నాకు. బోర్డు ఇచ్చెయ్యండి, పోతాను."

ఇందుమతి గారు జాలిగా చూశారు. "గౌరవ అతిథి గారు ఆవిష్కరించిన బోర్డు నూకరాజూ అది. తీస్తే ఆయన్ని అవమానించినట్టు. అది అక్కడే ఉంటుంది. మేం రిటైరయినా ఉంటుంది, నువ్వు పోయినా ఉంటుంది."

ఇంటికొచ్చి నూకరాజు గుమ్మంలో కూలబడ్డాడు. వరహాలు ఏదో జాకెట్టు కుట్టాలని కుట్టు మిషను మీది తెర తీసి మడుస్తోంది. ఎర్ర వెల్వెట్టు, ఇత్తడి రింగులు, బంగారు రంగు తాడు.

"బోర్డు తియ్యకూడదంట వరహాలూ. నీ పేరు అక్కడే అడివిలో ఉండాలంట."

వరహాలు మడవడం ఆపింది. "తియ్యకూడదన్నారు. కప్పకూడదన్నారా?"

నూకరాజు ఆవిడ చేతిలో తెర వంక చూశాడు. తర్వాత లేచి కాళ్ళకి చెప్పులు తొడుక్కున్నాడు.

మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే, రాతి దిమ్మ దగ్గర స్టూలేసుకుని ఎక్కి బోర్డుకి తెర కట్టాడు. తాడు అందంగా పక్కకి వేలాడదీశాడు. పైన బంతిపూల దండ కూడా వేశాడు. గేటు దగ్గర కాపలావాడు లేచి నిలబడ్డాడు.

"ఎవరొస్తన్నారండి?"

"పెద్దాయనే," అన్నాడు నూకరాజు, స్టూలు చంకన పెట్టుకుని.

సాయంత్రం చిదంబరరావు గారు కారెక్కబోతూ తెర చూశారు. ఇందుమతి గారిని పిలిచారు. ఇద్దరూ దాని ముందు నిలబడ్డారు. వెనకాల ఏముందో ఇద్దరికీ తెలుసు. ఎత్తి చూస్తే పోయేది. కానీ తెర ఉందంటే ఆవిష్కరణ ఉన్నట్టే. ఆవిష్కరణ ఉందంటే ఎవరో పెద్దాయన వస్తున్నట్టే. ఆయన రాకముందు తెర ఎత్తినవాడు ఆ కండక్టరుతో సమానం. తెర లోపలిది ఆవిష్కరించడానికి గౌరవ అతిథి గారి తారీకు కోరుతూ ఆ రాత్రికే రాశారు. తెర జోలికి ఎవరూ పోకుండా కాపలా పెట్టారు. దండ వాడితే రోజూ కొత్త దండ మార్పిస్తున్నారు.

ఇప్పటికీ తారీకు రాలేదు. గడ్డి తలల ఎత్తు పెరిగింది. బస్సులో వెళ్ళేవాళ్ళు తెర చూసి, మండలి వాళ్ళు అక్కడేదో జంతు ప్రదర్శనశాల పెడుతున్నారని అనుకుంటున్నారు. వరహాలు పేరు మాత్రం ఎవరూ చదవడం లేదు. మొన్న నర్సింగ్ హోం డాక్టరు గారు మళ్ళీ ఫోన్ చేశారు.

"ఆ ఆఫీసు పని మానేశారట కదా. ఒకసారి మా లాన్ చూసిపోండి."

నూకరాజు పాత మిషనుని ఆటో ఎక్కించి తీసుకెళ్ళాడు. తాడు ఒక్క లాగు లాగాడు. మిషను అందుకుంది. చప్పట్లు ఎవరూ కొట్టలేదు, గడ్డి తెగింది.

అదండి సంగతి. మీ ఊళ్ళో కూడా ఎక్కడో ఒకచోట తెర వేలాడుతూ ఉంటుంది, వెళ్ళేటప్పుడు ఒకసారి చూడండి. ఈ కథ మీ గ్రూపుల్లో నలుగురికీ పంపండి. పంపేముందు ఎవరి చేతా రిబ్బన్ కత్తిరించక్కర్లేదు, నొక్కితే చాలు. ఉంటానండి మరి.